సిలికోన్ వక్షం: పెట్టించుకోబోయే ముందు

మా పిన్ని కూతురు హైస్కూల్లో లెక్కల టీచరు. వయస్సు నలభై ఆరు. కిందటి సంవత్సరం ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. పరీక్ష చేయిస్తే కాన్సరు అని తేలింది. రొమ్ము మొత్తం తీసివేయక తప్పదన్నారు. ఆ మాట విని నిబ్బరంగా నిలబడిన మనిషి, ఆ తరువాత డాక్టరుగారు వేసిన మరొక ప్రశ్నకు బెంబేలు పడిపోయింది. "తీసిన చోట సిలికోన్ ఇంప్లాంటు పెట్టించుకుంటారా? శుక్రవారం లోగా చెప్పండి" అన్నారట ఆయన.

ఆ రాత్రి నాకు ఫోను చేసింది.

"అక్కా, చచ్చిపోతానేమోనన్న భయం లేదు నాకు. బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తితే జాకెట్టు ఒక పక్క వెలితిగా కనిపిస్తుందేమో, పిల్లలు చూసి ఏమనుకుంటారో అని దిగులుగా వుంది. సిగ్గులేని మాటలా వుందా?"

సిగ్గుపడవలసింది ఏమీ లేదన్నాను. నేను వైద్యురాలిని కాను. అయినా ఆ నాలుగు రోజులూ దొరికిందల్లా చదివాను. తెలిసిన డాక్టర్లను విసిగించాను. అప్పుడు నాకు బోధపడిన మొదటి సంగతి ఏమిటంటే, "పెట్టించుకోవాలా, వద్దా?" అన్న ప్రశ్న వెనకాల మరొక ప్రశ్న దాగి వున్నది. "పెట్టించుకుంటే మళ్ళీ ఎప్పుడు తీయించుకోవాలి?" అన్నది ఆ రెండో ప్రశ్న. దాన్ని ఎవరూ ముందుగా అడగరు. అడగనివారికి విడమరచి చెప్పే తీరుబడి కూడా అందరు డాక్టర్లకూ వుండదు.

సంచి కథ

ఇసుకలో వుండే మూలకం సిలికాన్. దానికి ఆమ్లజని, కర్బన పదార్థాలు జోడించి మనిషి తయారు చేసినది సిలికోన్. ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో పనిచేసిన ఫ్రెడరిక్ కిప్పింగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో ఆ పేరు పెట్టాడు. ఇది నూనెలా పలచగానూ వుండగలదు, జిగురులా చిక్కగానూ వుండగలదు, రబ్బరులా సాగనూ గలదు. చంటిపిల్లల పాలపీకలూ, కొన్ని ప్రెషర్ కుక్కర్ల గాస్కెట్లూ దీనితో చేసినవే.

రొమ్ములో అమర్చే ఇంప్లాంటు అంటే సిలికోన్ రబ్బరు సంచి. దాని లోపల సిలికోన్ జిగురు వుంటుంది. కొన్నిటిలో జిగురుకు బదులు ఉప్పునీరు నింపుతారు. చూడడానికి ఇంతే. కాని దీని వెనక చాలామంది ఆడవాళ్ళు పడిన అవస్థ వున్నది. దీనికి ముందు వియన్నా డాక్టర్లు పారఫిన్ మైనాన్ని కరిగించి సూదితో ఒంట్లోకి ఎక్కించి చూశారు. అది గడ్డలు కట్టింది, చోటు మారింది, పుళ్ళు పడింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులోనూ, ఆపైన అమెరికాలోనూ పలచని సిలికోన్‌ను నేరుగా సూదితో ఎక్కించారు. దానివల్లనూ చాలామంది చెడిపోయారు. ఈ రోజున కూడా ఎవరైనా "కోత లేదు, కుట్టు లేదు, ఒక్క సూదిమందు చాలు" అని సిలికోన్ ఎక్కిస్తామంటే ఆ గుమ్మం దిగి వచ్చేయడమే మంచిది. సంచిలో వున్న సిలికోన్ వేరు, సూదితో ఒంట్లోకి వదిలిన సిలికోన్ వేరు.

సంచి పుట్టింది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు హ్యూస్టన్ నగరంలో. థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే ఇద్దరు సర్జన్లు అక్కడ పనిచేసేవారు. రక్తం నింపే ప్లాస్టిక్ సంచిని ఒకనాడు జెరో చేత్తో నొక్కి చూసి, ఆ మెత్తదనం వక్షాన్ని తలపిస్తున్నదే అనుకున్నాడట. డౌ కార్నింగ్ అనే కంపెనీ సంచిని తయారు చేసి ఇచ్చింది. మొదట ఒక కుక్కకు పెట్టి చూశారు. తరువాత 1962లో మొదటిసారి ఒక స్త్రీకి అమర్చారు.

ఆ స్త్రీ వచ్చిన పని వేరు. ఆరుగురు బిడ్డల తల్లి. వక్షం మీద వున్న పచ్చబొట్లు తీయించుకుందామని ఆస్పత్రికి వచ్చింది. కొత్త రకం శస్త్రచికిత్స చేస్తాం, ఒప్పుకుంటావా అని డాక్టర్లు అడిగారు. ఆమెకు అసలు బాధ చెవుల గురించి. తన చెవులు బయటికి పొడుచుకుని వచ్చాయని చిన్నతనం నుంచీ దిగులు. చెవులు సరిచేస్తే ఒప్పుకుంటానన్నది. రెండూ చేశారు. మొదటి సిలికోన్ వక్షం, అడగకుండా వచ్చిన వక్షం! ఈ సంగతి చదివినప్పుడు నవ్వు వచ్చింది గాని, కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఎవరికి కావాలో వారు అడగకముందే ఎదుటివారు సూచించడం అనేది ఆ మొదటి రోజు నుంచే వున్నదన్నమాట.

శరీరం వూరుకోదు

కాలిలో ముల్లు విరిగితే దాని చుట్టూ కండ గట్టిపడుతుంది, చూశారుగా. ఒంట్లోకి వచ్చిన పరాయి వస్తువును శరీరం గూడు కట్టి వేరుచేస్తుంది. ఇంప్లాంటు చుట్టూ కూడా అలాగే ఒక పొర అల్లుకుంటుంది. ఇది రోగం కాదు, అందరికీ జరిగేదే. చాలామందిలో ఆ పొర పలచగా, మెత్తగా వుండిపోతుంది. కొందరిలో మాత్రం అది దళసరెక్కి, సంచిని గుప్పిట పట్టినట్లు బిగిస్తుంది. అప్పుడు రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి పెడుతుంది. వైద్యులు దీన్ని నాలుగు మెట్లుగా చెబుతారు. మొదటి మెట్టులో తేడాయే తెలియదు. నాలుగో మెట్టులో చూడగానే తెలుస్తుంది, నొప్పి కూడా వుంటుంది. మూడు, నాలుగు మెట్లకు సాధారణంగా మళ్ళీ ఆపరేషనే గతి.

ఇక రెండోది, సంచి చిరగడం. ఉప్పునీటి సంచి చిరిగితే ఒకటి రెండు రోజుల్లో ఆ పక్క అణగిపోతుంది, వెంటనే తెలిసిపోతుంది. సిలికోన్ జిగురు సంచి అలా కాదు. చిరిగినా జిగురు అక్కడే నిలిచి వుంటుంది. నొప్పి వుండదు, ఆకారం మారదు. నెలలూ సంవత్సరాలూ తెలియకుండా గడిచిపోవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే ఎం.ఆర్.ఐ. తీయాలి. చిరిగిన సంచి తొడుగు ముడతలు పడి జిగురులో తేలుతూ ఫిల్ము మీద దారాలు దారాలుగా కనిపిస్తుంది. ఇటలీవాళ్ళు తినే లింగ్వీని అనే పిండివంటకం పేరు పెట్టారు దానికి. మన డాక్టర్లయితే సేమ్యా అనేవారు.

ఈ పరీక్షలు ఎప్పుడు? అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఏ. చెప్పేదేమంటే, ఏ బాధా లేకపోయినా ఆపరేషను జరిగిన అయిదారేళ్ళకు మొదటి అల్ట్రాసౌండు గాని ఎం.ఆర్.ఐ. గాని చేయించాలి, ఆ తరువాత రెండు మూడేళ్ళకొకసారి. ఆ ఖర్చు ఎంతో మీ వూళ్ళో కనుక్కోండి. దాన్ని ఇరవై ఏళ్ళకు లెక్కవేయండి. మా టీచరు ఆ లెక్క తనే వేసుకుని నాకు చెప్పింది.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె మరొకటి వున్నది. అది 2011లో ఎఫ్.డి.ఏ. ప్రకటించినది. అందం కోసం ఇంప్లాంట్లు పెట్టించుకున్న స్త్రీలలో అయిదుగురిలో ఒకరికి దాకా పదేళ్ళలోపలే వాటిని తీసివేయవలసి రావచ్చు. కాన్సరు ఆపరేషను తరువాత పెట్టించుకున్నవారిలో అయితే ఇద్దరిలో ఒకరికి దాకా! ఇది కొని తెచ్చి బీరువాలో పెట్టుకునే నగలాంటిది కాదు. జీవితాంతం వుండేది కాదని తయారుచేసేవారే కాగితం మీద రాసి ఇస్తారు.

వ్యాజ్యాలూ, విచారణలూ

1976 దాకా అమెరికాలో ఇటువంటి పరికరాలను ప్రభుత్వం పరీక్షించే చట్టమే లేదు. చట్టం వచ్చాక కూడా, అప్పటికే బజారులో వున్నవి గనక ఇంప్లాంట్లు అలాగే సాగిపోయాయి. కీళ్ళనొప్పులూ, నీరసమూ, ఒంటి శక్తి ఒంటినే దెబ్బతీసే రకం జబ్బులూ వీటి వల్లనే వచ్చాయని స్త్రీలు కోర్టులకు ఎక్కారు. 1992లో ఎఫ్.డి.ఏ. అధిపతి డేవిడ్ కెస్లర్ సిలికోన్ జిగురు ఇంప్లాంట్ల వాడకాన్ని ఆపించాడు. కొద్ది నెలల్లో కాన్సరు రోగుల వంటివారికి మాత్రం, అదీ పరిశోధనలో భాగంగా, సడలించాడు. వ్యాజ్యాల దెబ్బకు 1995లో డౌ కార్నింగ్ దివాలా పిటిషను వేసింది.

అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ పాత పరిశోధనలన్నీ తిరగేసి 1999లో నివేదిక ఇచ్చింది. ఒళ్ళంతా వ్యాపించే ఆ జబ్బులకు ఇంప్లాంట్లే కారణమనడానికి తగిన రుజువు లేదన్నది. అయితే బిగుసుకుపోవడం, చిరగడం, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు, ఇవే అసలైన బాధలు అన్నది. 2006లో తిరిగి అనుమతి వచ్చింది, అందం కోసమైతే ఇరవై రెండేళ్ళు నిండినవారికే అన్న షరతుతో.

ఇంతటితో సద్దుమణిగిందా? లేదు. ఇంప్లాంట్లున్న స్త్రీలలో కొందరు అలసట, మతిమరుపు, కీళ్ళనొప్పులు చెబుతూనే వున్నారు. తీయించుకున్నాక కొందరికి నెమ్మదిస్తున్నది. ఏ పరీక్షకూ ఇది అందడం లేదు. పరీక్షకు అందనంత మాత్రాన ఆడదాని మాట అబద్ధమనడం నాకు సమ్మతం కాదు. 2021లో ఎఫ్.డి.ఏ. కూడా ఈ లక్షణాల సంగతి రోగికి ముందుగా చెప్పి తీరాలని నిర్ణయించింది. ఇంప్లాంటు పెట్టె మీద నల్లగీతల చట్రంలో హెచ్చరిక వేయాలన్నది. పెట్టించుకునే స్త్రీ ఒక్కొక్క అంశమూ చదివి, డాక్టరుతో మాట్లాడి, సంతకం చేసే ప్రశ్నల పట్టిక ఒకటి తప్పనిసరి చేసింది. మన ఆస్పత్రిలో అటువంటి పట్టిక ఇవ్వకపోతే, అడిగి తెప్పించుకోవడంలో తప్పులేదు.

ఫ్రాన్సులో జరిగింది వేరే రకం అన్యాయం. మధ్యధరా సముద్ర తీరాన పి.ఐ.పి. అనే కంపెనీ వుండేది. జాన్ క్లోద్ మాస్ అనే ఆయన స్థాపించాడు. వైద్యానికి అనుమతించిన సిలికోన్ ఖరీదెక్కువని, పరిశ్రమల్లో వాడే చవకరకం జిగురు నింపి అనేక దేశాలకు అమ్మాడు. పెట్టె మీద ఐరోపా నాణ్యతా ముద్ర యథాప్రకారం వుండేది! 2010 మార్చిలో తనిఖీ అధికారులు గుట్టు పట్టుకున్నారు. ఒక్క ఫ్రాన్సులోనే సుమారు ముప్పై వేల మంది స్త్రీల ఒంట్లో ఆ సంచులున్నాయి. ముందు జాగ్రత్తగా తీయించుకోండని 2011 డిసెంబరులో ఫ్రెంచి ప్రభుత్వం సలహా ఇచ్చింది. 2013లో మార్సెయ్ కోర్టు మాస్‌కు నాలుగేళ్ళ జైలు విధించింది.

ఆ ఆడవాళ్ళందరికీ ఆనాడు ఎదురైన మొదటి ప్రశ్న: "నా ఒంట్లో వున్నది ఏ కంపెనీది?" అందుకే చెబుతున్నాను. ఆపరేషను అయ్యాక కంపెనీ పేరు, రకం, పరిమాణం, వరుస సంఖ్య రాసిన కార్డు ఇస్తారు. దాన్ని అడిగి తీసుకోండి. పట్టుచీరల మధ్య దాచి మరిచిపోకుండా, ఫోటో తీసి ఇంట్లో మరొకరికి కూడా ఇవ్వండి. మన దేశంలోకి వచ్చే ఇంప్లాంట్లకు కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి వుండాలి. పెట్టబోయే దానికి వున్నదా అని అడగడం మీ హక్కు.

గరుకు సంచి

సంచి పైభాగం నున్నగా వుండే రకం ఒకటి, గరుకుగా వుండే రకం మరొకటి. గరుకుదైతే కదలకుండా కండకు అతుక్కుంటుందని వచ్చింది. కాని దానితో ఒక అరుదైన కాన్సరుకు సంబంధం వున్నదని 2011 నుంచి అనుమానం మొదలయింది. ఇది రొమ్ము కాన్సరు కాదు. చుట్టూ అల్లుకున్న పొరలో పుట్టే లింఫోమా. 2019 జూలైలో ఎఫ్.డి.ఏ. కోరిక మీద అలెర్గన్ కంపెనీ తన గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నది. అప్పటికి ప్రపంచం మొత్తం మీద లెక్కకు వచ్చిన కేసులు 573, మరణాలు 33. ఆ కేసుల్లో 481 ఆ కంపెనీవే.

లక్షలాది మందిలో ఇది కొద్దిమందికే వచ్చినది. కనక గరుకు సంచి వున్నవారందరూ పరుగెత్తి తీయించుకోవాలని ఎఫ్.డి.ఏ. కూడా చెప్పలేదు. గుర్తుంచుకోవలసింది దాని లక్షణం. అన్నీ మానిపోయి సంవత్సరాలు గడిచాక ఒక పక్క రొమ్ము వాపెక్కినా, నీరు చేరినా, గడ్డ తగిలినా ఆలస్యం చేయకూడదు. తొలిదశలో పట్టుకుంటే సంచినీ, చుట్టూ వున్న పొరనూ తీసివేయడంతో చాలామందికి నయమవుతుంది.

కాన్సరు తరువాత అయితే

మళ్ళీ మా టీచరు దగ్గరకు వద్దాం. రొమ్ము తీసిన తరువాత చర్మం చాలకపోతే ముందుగా ఒక ఖాళీ బుడగ లోపల పెడతారు. వారానికో రెండు వారాలకో సూదితో ఉప్పునీరు ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీస్తారు. తరువాత ఇంకొక ఆపరేషనులో దాన్ని తీసి సిలికోన్ సంచి పెడతారు. అంటే ఒకటి అనుకున్నది మొదటి నుంచే రెండు.

అంతకన్నా ముఖ్యం రేడియేషను. కరెంటు పెట్టడం అంటారే, అది ఇవ్వవలసి వస్తే చర్మమూ కండా బిరుసెక్కుతాయి. ఇంప్లాంటు చుట్టూ పొర బిగుసుకునే ప్రమాదం బాగా పెరుగుతుంది. రేడియేషను తప్పదని తెలిస్తే చాలామంది సర్జన్లు కొంతకాలం ఆగమంటారు. లేదా పొట్ట నుంచి గాని వీపు నుంచి గాని రోగి సొంత కండా కొవ్వూ తెచ్చి రొమ్ముగా మలుస్తారు. అది పెద్ద ఆపరేషను, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కాని మన కండ మనది, పదేళ్ళకొకసారి మార్చే పని వుండదు.

ఇంకొక మాట ఎవరూ చెప్పరు. కొత్త రొమ్ముకు చాలావరకు స్పర్శ వుండదు. చూసేవారికి అది రొమ్ము, లోపలి మనిషికి అది ఒక మెత్త. నొప్పి తెలియదు గనక వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకుని కాల్చుకునే ప్రమాదం కూడా వున్నది.

అందం కోసం పెట్టించుకునే ఆరోగ్యవంతులకు వేరే చిక్కులు. బిడ్డలకు పాలివ్వగలగడం చాలామందికి సాధ్యమే గాని, కొందరికి పాలు తగ్గుతాయి. పెళ్ళి కాని పిల్లలు ఈ సంగతి డాక్టరును సూటిగా అడగాలి. మామోగ్రాం తీసేటప్పుడు ఇంప్లాంటు అడ్డువచ్చి కొంత భాగం మరుగున పడవచ్చు. ముందుగా చెబితే సంచిని వెనక్కు నెట్టి అదనపు చిత్రాలు తీస్తారు. పెళ్ళిచూపుల కోసం తల్లి కూతురిని తీసుకువెళుతున్నదని ఎవరైనా చెబితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆరోగ్య బీమా కంపెనీలు సాధారణంగా అందం కోసం చేయించుకున్న శస్త్రచికిత్సకు డబ్బు ఇవ్వవు. ప్రమాదం, కాలిన గాయాలు, కాన్సరు తరువాత చేసే పునర్నిర్మాణం ఆ మినహాయింపు కిందికి రాదు. పాలసీ కాగితం తెచ్చి ముందే చదువుకోండి.

ఇవన్నీ చదివాక ఇంప్లాంటు అనేదే చెడ్డదని నేను అనలేదు. పెట్టించుకుని ఏళ్ళ తరబడి హాయిగా వున్నవారు ఎందరో. రొమ్ము పోయిన స్త్రీకి అద్దం ముందు నిలబడే ధైర్యం తిరిగి ఇచ్చిన వస్తువు అది. దాన్ని చిన్నచూపు చూసే అర్హత రెండు రొమ్ములూ వున్న నాకు లేదు.

గురువారం నాడు ఆమెతో ఇదంతా చెప్పాను. అన్నీ విని, "రేడియేషను వుంటుందో లేదో ఆపరేషను అయ్యాక గాని తెలియదన్నారు అక్కా. మరి శుక్రవారం లోగా ఏమిటి తొందర?" అన్నది. లెక్కల టీచరు గదా! మర్నాడు డాక్టరుగారిని అదే మాట అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, ఆగవచ్చునమ్మా, తరువాత కూడా చేయవచ్చు అన్నారట.

రేడియేషను తప్పలేదు. అది ముగిసి ఇప్పటికి ఏడు నెలలు. లోపల పెట్టే సిలికోన్ సంగతి వచ్చే సంవత్సరం ఆలోచిస్తానంటున్నది. ప్రస్తుతానికి బాడీలో పెట్టుకునే సిలికోన్ మెత్త ఒకటి కొనుక్కున్నది. బరువు సరిపోయింది. రాత్రి తీసి డబ్బాలో పెడుతుంది. వేసవి సెలవులు ముగిశాక స్కూలుకు వెళ్ళే ముందు కొత్త జాకెట్లు కుట్టించింది. టైలరు కొత్తగా కొలత తీసుకుంటానంటే, అక్కరలేదని పాత జాకెట్టే ఆదికి ఇచ్చి వచ్చింది.